మేరీ క్యూరీ నడిపిన ఎక్స్‌రే బడి

రేడియం కనిపెట్టిన శాస్త్రవేత్తగా ఆమె అందరికీ తెలుసు. యుద్ధం నడుస్తుండగా 150 మంది స్త్రీలకు ఎక్స్‌రే పని నేర్పిన పంతులమ్మగా తెలిసినవారు తక్కువ. నవంబరు 7 ఆమె పుట్టినరోజు. మన దేశంలో అదే రోజు జాతీయ క్యాన్సర్ అవగాహన దినం.

మీరు ఎప్పుడో ఒకప్పుడు ఎక్స్‌రే తీయించుకునే ఉంటారు. డాక్టరు పేరు గుర్తుంటుంది. ఎంత ఖర్చయిందో గుర్తుంటుంది. చల్లటి పలకకు ఛాతీ ఆనించి నిలబెట్టి, భుజాలు ముందుకు తిప్పి, ఊపిరి గట్టిగా పీల్చి ఆపమని చెప్పిన మనిషి మాత్రం గుర్తుండరు. ఆ మనిషినే మేం రేడియోగ్రాఫర్ అంటాం. ఆ పని సరిగ్గా జరిగితేనే మేం ఫిల్మ్ చూసి న్యుమోనియా అనో, ఎముక చిట్లిందనో ధైర్యంగా చెప్పగలం. ఊపిరి సగమే పీల్చినప్పుడు తీస్తే మామూలు గుండె కూడా పెరిగినట్టు కనిపిస్తుంది. మనిషి కొంచెం పక్కకు తిరిగి నిలబడితే ఒక ఊపిరితిత్తి నల్లగా, రెండోది తెల్లగా వచ్చి లేని జబ్బు ఉన్నట్టుంటుంది.

మిషను కొనడం ఒక ఎత్తు. దాని దగ్గర నిలబడే మనిషిని తయారుచేయడం మరో ఎత్తు. వందేళ్ల కిందటే ఈ సంగతి గ్రహించి, చేసి చూపించిన మనిషి మేరీ క్యూరీ. ఆమె జీవితాన్ని ఈసారి ఆ వైపు నుంచి చూద్దాం.

దొంగచాటు చదువు

మేరీ 1867లో పోలండ్‌లోని వార్సాలో పుట్టింది. అసలు పేరు మరియా స్క్లొడోవ్‌స్కా. ఐదుగురు పిల్లల్లో ఆఖరిది. తండ్రి లెక్కలు, భౌతికశాస్త్రం చెప్పే పంతులు. తల్లి ఆడపిల్లల బడి నడిపేది. మేరీకి పదేళ్లప్పుడు తల్లి క్షయతో చనిపోయింది. అప్పటికి క్షయ క్రిమిని ఎవరూ కనిపెట్టలేదు, ఊపిరితిత్తుల్లో ఏముందో చూడ్డానికి ఎక్స్‌రే కూడా లేదు.

వార్సా అప్పుడు రష్యా ఏలుబడిలో ఉండేది. అక్కడి విశ్వవిద్యాలయంలో ఆడవాళ్లకు ప్రవేశం లేదు. అందుకని అక్కాచెల్లెళ్లు ఇళ్లలో రహస్యంగా నడిచే తరగతులకు వెళ్లేవారు. తరువాత ఇద్దరూ ఒక ఒప్పందం చేసుకున్నారు. అక్క బ్రోన్యా పారిస్ వెళ్లి డాక్టరీ చదవాలి, మేరీ ఉద్యోగం చేసి డబ్బు పంపాలి. అక్క స్థిరపడ్డాక చెల్లెల్ని పిలిపించుకోవాలి. ఆ మాట ప్రకారం మేరీ ఒక పల్లెటూరి ఇంట్లో పిల్లలకు చదువు చెప్పే ఉద్యోగంలో చేరింది. ఖాళీ దొరికినప్పుడు ఆ ఊరి రైతుల పిల్లల్ని పోగేసి పోలిష్ అక్షరాలు దిద్దించేది. ప్రభుత్వానికి తెలిస్తే శిక్ష పడే పని అది.

తనకు తెలిసింది వెంటనే పక్కవారికి నేర్పడం ఆమెకు అక్కడే అలవాటైంది. చివరిదాకా ఆ అలవాటు పోలేదు.

రేడియం, రెండు నోబెళ్లు

ఈ భాగం మీకు తెలిసిందే కాబట్టి త్వరగా దాటేద్దాం. 1891లో పారిస్ వెళ్లి సోర్బాన్‌లో చేరింది. 1893లో భౌతికశాస్త్రం పరీక్షలో మొదటి స్థానం, మరుసటి ఏడాది లెక్కల్లో రెండో స్థానం తెచ్చుకుంది. 1895 జూలైలో పియరీ క్యూరీతో పెళ్లయింది. అదే ఏడాది నవంబరు 8న జర్మనీలో రాంట్‌జెన్ ఎక్స్‌రే కిరణాలను కనిపెట్టాడు. 1898లో క్యూరీ దంపతులు పొలోనియం, రేడియం అనే రెండు కొత్త మూలకాలు ఉన్నాయని ప్రకటించారు. తరువాత నాలుగేళ్లు ఓ షెడ్డులో టన్నుల కొద్దీ ఖనిజం ఉడికించి, వడకట్టి, 1902 నాటికి గ్రాములో పదో వంతు రేడియం లవణం తీశారు. దానికి పేటెంటు తీసుకోలేదు. 1903లో భౌతికశాస్త్రంలో, 1911లో రసాయనశాస్త్రంలో ఆమెకు నోబెల్ వచ్చింది.

ఈ మధ్యలో ఆమె చదువు చెబుతూనే ఉంది. 1900 నుంచి సెవ్ర్ అనే ఊళ్లో, ఉపాధ్యాయినులయ్యే అమ్మాయిల కాలేజీలో భౌతికశాస్త్రం బోధించింది. నల్లబల్ల మీద చెప్పి వదిలేయకుండా అమ్మాయిల చేతే ప్రయోగాలు చేయించేది. 1906లో పియరీ గుర్రపుబండి కింద పడి చనిపోయాడు. ఆయన చెప్పే పాఠాలను ఆమెకు అప్పగించారు. సోర్బాన్‌లో పాఠం చెప్పిన తొలి మహిళ ఆమే. తన పెద్దకూతురు ఐరీన్ కోసం, స్నేహితుల పిల్లల కోసం ప్రొఫెసర్లందరినీ కూడగట్టి కొన్నాళ్లు ఒక చిన్న బడి కూడా నడిపింది. చేత్తో చేసిందే బుర్రలో నిలుస్తుందని ఆమె నమ్మకం.

యుద్ధంలోకి ఎక్స్‌రే బండి

1914 వేసవిలో పారిస్‌లో రేడియం ఇన్‌స్టిట్యూట్ కట్టడం పూర్తయింది. పని మొదలుపెట్టేలోపే ఆగస్టులో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. పరిశోధనకు వాడే గ్రాము రేడియాన్ని సీసం పెట్టెలో పెట్టుకుని మేరీ స్వయంగా రైల్లో బోర్డో నగరానికి చేర్చి, దాచిపెట్టి, తిరిగి పారిస్ వచ్చేసింది.

అప్పుడు ఆమె కంటపడింది అసలు సమస్య. తూటాలు, బాంబు ముక్కలు ఒంట్లో దిగిన సైనికులు వేలల్లో ఉన్నారు. ముక్క ఎక్కడుందో తెలియక సర్జన్లు వెతుకుతూ కోయాల్సి వస్తోంది. ఎక్స్‌రే కనిపెట్టి అప్పటికి పంతొమ్మిదేళ్లు కావస్తోంది. కానీ మిషన్లు నగరాల్లోని పెద్దాసుపత్రులకే పరిమితం. గాయపడినవాణ్ని మిషను దగ్గరికి తీసుకెళ్లేలోగా ప్రాణం పోతుంది. మిషనే గాయపడినవాడి దగ్గరికి వెళ్లాలి.

మేరీ ప్రయోగశాలలు, తయారీదారుల చుట్టూ తిరిగి మూలపడి ఉన్న పరికరాలు పోగుచేసింది. డబ్బున్నవారిని అడిగి కార్లు సంపాదించింది. కారు ఇంజనుతో తిరిగే డైనమో, ఎక్స్‌రే ట్యూబు, మడత బల్ల, ఫొటో సామాను, కిటికీలకు కట్టే నల్ల పరదాలు, పొడవాటి కరెంటు తీగ. అంతే ఆ బండి. కరెంటు లేని ఊళ్లో కూడా బండి ఆపి, తీగ లోపలికి లాగి, గది చీకటి చేసి పని మొదలుపెట్టవచ్చు. ఇలాంటివి 20 బండ్లు, ఆసుపత్రుల్లో స్థిరంగా 200 ఎక్స్‌రే గదులు ఆమె ఆధ్వర్యంలో ఏర్పడ్డాయి. పది లక్షల మందికి పైగా క్షతగాత్రులను వాటితో పరీక్షించారని లెక్క.

ఆమె డాక్టరు కాదు. అందుకే ముందు తనే విద్యార్థి అయింది. శరీరనిర్మాణం చదువుకుంది, ఎక్స్‌రే తీయడం నేర్చుకుంది, కారు నడపడం కూడా నేర్చుకుంది. పదిహేడేళ్ల ఐరీన్‌ను వెంటబెట్టుకుని యుద్ధరంగానికి దగ్గరి ఆసుపత్రులకు వెళ్లింది. ఏడాది తిరిగేసరికి ఐరీన్ బెల్జియంలో ఒక ఎక్స్‌రే గదిని ఒంటరిగా నడిపే స్థాయికి వచ్చింది. పద్దెనిమిదేళ్ల పిల్ల చూపించిన చోట కోయడానికి మొదట్లో అక్కడి సర్జనుకు నమ్మకం కుదరలేదు. ముక్క సరిగ్గా అక్కడే దొరికాక కుదిరింది.

నీడ చూసి లోతు చెప్పడం

ఆ రోజుల్లో నేర్వాల్సిన ముఖ్యమైన విద్య ఇదే. ఎక్స్‌రే అంటే నీడ. తొడ మీద నీడ ఎక్కడ పడిందో ఒక్క ఫిల్మ్ చెబుతుంది, లోపల ఎంత లోతులో ఉందో చెప్పదు.

ఇంట్లో మీరే చేసి చూడొచ్చు. గోడకు ఎదురుగా సెల్‌ఫోన్ లైటు వెలిగించి, మధ్యలో వేలు పెట్టండి. లైటును కాస్త పక్కకు జరపండి. వేలు గోడకు దగ్గరగా ఉంటే నీడ కొంచెమే జరుగుతుంది, దూరంగా ఉంటే చాలా జరుగుతుంది. ఎక్స్‌రే ట్యూబును కూడా అలాగే కొలిచి జరిపి, రెండుసార్లు తీసి, నీడ ఎంత జరిగిందో కొలిస్తే బాంబు ముక్క లోతు లెక్క తేలుతుంది. సర్జన్ ఎక్కడ, ఎంత లోతుగా కోయాలో ముందే తెలుస్తుంది.

చెయ్యి విరిగి ఆసుపత్రికి వచ్చినప్పుడు రెండు ఫొటోలెందుకని చాలామంది అడుగుతుంటారు. కారణం ఇదే. ఎదురుగా తీస్తే నిటారుగా కనిపించే ఎముక, పక్క నుంచి తీస్తే వంగి కనిపించవచ్చు. రెండో ఫొటో వృథా కాదు.

150 మంది విద్యార్థినులు

బండ్లు పెరిగాయి, గదులు పెరిగాయి, నడిపే మనుషులు చాలలేదు. కొన్నిచోట్ల మిషను ఉన్నా వాడటం రాక మూలన పడేశారు. దాంతో 1916లో మేరీ రేడియం ఇన్‌స్టిట్యూట్‌లోనే స్త్రీలకు ఎక్స్‌రే శిక్షణ మొదలుపెట్టింది. యుద్ధం ముగిసేసరికి దాదాపు 150 మంది అక్కడ పని నేర్చుకుని ఆసుపత్రులకు వెళ్లారు.

వారిలో అందరూ పెద్ద చదువులు చదివినవారు కాదు. చేతిలో ఉన్న సమయం వారాల్లోనే. ఆ కొద్ది కాలంలో ఏం నేర్పాలో ఆమె ఆలోచించిన తీరు చూడండి. ముందు కరెంటు గురించి, ఎక్స్‌రే కిరణం ఎలా పుడుతుందో, తీగ తెగితే, ట్యూబు పాడైతే ఏం చేయాలో. తరువాత శరీరనిర్మాణం. ఏ ఎముక పక్కన ఏముందో తెలియనివారు ఫిల్మ్ తీయగలరు గానీ, సరైన చోట తీయలేరు. ఆపైన చీకటి గదిలో ప్లేటు కడగడం. వీటన్నిటి కంటే ఎక్కువ సమయం చేత్తో చేసే పనికి. పాఠం విని వెళ్లిపోవడం కుదరదు. మిషను విప్పాలి, బిగించాలి, బతికున్న మనిషిని నొప్పి తగలకుండా బల్ల మీద పడుకోబెట్టాలి. ఐరీన్ కూడా అక్కడ పాఠాలు చెప్పింది. యుద్ధం ఆగాక, ఇంటికి వెళ్లే ఓడల కోసం ఎదురుచూస్తున్న అమెరికా సైనికులకు కూడా మేరీ అదే ఇన్‌స్టిట్యూట్‌లో శిక్షణ ఇచ్చింది. ఈ అనుభవమంతా 1921లో ఒక పుస్తకంగా వచ్చింది.

ఇప్పటి కోర్సుల్లో సీటీ, ఎంఆర్‌ఐ, కంప్యూటర్లు చేరాయి. అయినా భౌతికశాస్త్రం, శరీరనిర్మాణం, మిషను మీద సాధన, రోగితో మెలిగే తీరు అనే నాలుగు కాళ్ల మీదే ఈ చదువు ఇప్పటికీ నిలబడి ఉంది. క్షయ గుర్తింపు శిబిరాలకు ఇప్పుడు చేత్తో పట్టుకెళ్లే ఎక్స్‌రే మిషన్లు వస్తున్నాయి. మా ఎస్.కోట నుంచి అనంతగిరి ఘాట్ ఎక్కితే వచ్చే కొండ పల్లెల్లాంటి చోట్లకు ఇవి ఎంత అవసరమో వేరే చెప్పక్కర్లేదు. మేరీ బండికి ఇవి మనవరాళ్లు. వాటికి కూడా పని తెలిసిన చెయ్యి కావాలి.

కరెంటు పెట్టే వైద్యం

మన వైపు రేడియోథెరపీని కరెంటు పెట్టడం అంటారు. నిజానికి ఒంట్లోకి కరెంటు పోదు. క్యాన్సర్ కణాలను దెబ్బతీసే కిరణాలు పోతాయి. రేడియం ఇన్‌స్టిట్యూట్‌లో ఒక సగం మేరీది, రెండో సగం క్లాడియస్ రెగో అనే డాక్టరుది. కిరణాలతో జబ్బు నయం చేయడం ఆయన విభాగం పని. పొట్టేళ్ల మీద చేసిన ప్రయోగాల్లో ఆయన బృందం ఒక ముఖ్యమైన విషయం గమనించింది. మొత్తం మోతాదు ఒకేసారి ఇస్తే చర్మం తీవ్రంగా కాలింది. అదే కొన్ని రోజులకు పంచి ఇస్తే చర్మం తట్టుకుంది, లోపల కావాల్సిన పని కూడా జరిగింది.

రేడియోథెరపీని వారానికి ఐదు రోజుల చొప్పున కొన్ని వారాలు ఇవ్వడం వెనుక ఉన్న సూత్రం ఇదే. పది రోజులు పెట్టించుకుని, నొప్పి తగ్గింది కదా అని, విశాఖలో ఉండటానికి డబ్బుల్లేవని మధ్యలో ఊరికి వచ్చేసేవారున్నారు. మధ్యలో ఆపితే మిగిలిన కణాలు మళ్లీ పెరుగుతాయి. రావడం కుదరకపోతే మానేయకండి, ఆ విభాగంలో చెప్పండి. ప్రభుత్వ ఆరోగ్య పథకం విభాగంలోనూ, మీకు దగ్గర్లోని ప్రభుత్వ వైద్యుడినీ అడగండి.

ఇక్కడ కూడా రోజూ మిమ్మల్ని బల్ల మీద పడుకోబెట్టేది టెక్నాలజిస్టే. నిన్న పడుకున్నట్టే ఇవాళా పడుకోవాలి. అందుకే ఒంటి మీద గుర్తులు పెడతారు. వాటిని రుద్ది చెరిపేయకండి.

ఆ బడిలో పూర్తిగా చెప్పని పాఠం

రేడియం, ఎక్స్‌రే ఎంత హాని చేస్తాయో అప్పట్లో పూర్తిగా తెలియదు. చీకట్లో మెరిసే రేడియం గొట్టాలను క్యూరీ దంపతులు ముచ్చటగా చూసుకునేవారు. ఏం జరుగుతుందో చూద్దామని పియరీ రేడియాన్ని తన చేతికే కట్టుకుని పుండు తెచ్చుకున్నాడు. మేరీ వేళ్లు కాలి, గట్టిపడి, పగుళ్లు తేలాయి. యుద్ధంలో ఎక్స్‌రే దగ్గర ఆమెకు, ఐరీన్‌కు ఉన్న రక్షణ అంతంత మాత్రమే. 1920లలో ఆమె కళ్లలో శుక్లాలు వచ్చి పలుమార్లు ఆపరేషన్లు జరిగాయి. ప్రయోగశాలలో పనిచేసేవారికి రక్తపరీక్షలు చేయించేది, జాగ్రత్తలు చెప్పేది. తన విషయంలో మాత్రం అంత పట్టించుకోలేదు.

1934 జూలై 4న 66 ఏళ్ల వయసులో అప్లాస్టిక్ అనీమియాతో కన్నుమూసింది. ఎముక మజ్జ కొత్త రక్తకణాలు తయారుచేయడం మానేసే జబ్బు అది. ఐరీన్ 1956లో రక్తక్యాన్సర్‌తో పోయింది. 1995లో మేరీ శవపేటికను ఫ్రాన్స్ మహనీయుల సమాధి మందిరమైన పాంథియాన్‌కు మార్చినప్పుడు నిపుణులు రేడియేషన్ కొలిచారు. ఆమె మరణానికి రేడియం కంటే, రక్షణ లేకుండా యుద్ధంలో చేసిన ఎక్స్‌రే పనే కారణమై ఉండవచ్చని వారు భావించారు.

ఆ నష్టం తరువాతివారికి పాఠమైంది. ఇప్పుడు ఈ కోర్సులో చేరే ప్రతి విద్యార్థికీ మొదట చెప్పేది మూడు మాటలు. కిరణం దగ్గర తక్కువసేపు ఉండు, దూరంగా ఉండు, మధ్యలో అడ్డు పెట్టుకో. దూరం రెండింతలైతే తగిలే మోతాదు నాలుగో వంతుకు పడిపోతుంది. మన దేశంలో 1983లో ఏర్పడిన అణుశక్తి నియంత్రణ మండలి దీనికి పరిమితులు పెట్టింది. పనిచేసేవారికి ఐదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులు, ఏ ఒక్క ఏడాదిలోనూ 30కి మించకూడదు. శిక్షణలో ఉన్న విద్యార్థులకు 6. ఛాతీ మీద పెట్టుకునే టీఎల్‌డీ బ్యాడ్జిని క్రమం తప్పకుండా పరీక్షకు పంపితే ఎంత తగిలిందో తెలుస్తుంది.

మన పిల్లల మాట

మేరీ కన్నుమూసిన 1934లోనే మద్రాసు జనరల్ ఆసుపత్రిలో బర్నార్డ్ రేడియాలజీ సంస్థ మొదలైంది. మన ప్రాంతం అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోదే. తరువాతి తరంలో కాకర్ల సుబ్బారావు గారు విశాఖ ఆంధ్ర మెడికల్ కాలేజీలో చదివి, అమెరికాలో రేడియాలజీలో పేరు తెచ్చుకుని, తిరిగివచ్చి హైదరాబాద్ నిమ్స్‌కు డైరెక్టర్‌గా పనిచేశారు. తెలుగునాట రేడియాలజీ అంటే ముందు గుర్తొచ్చే పేరు ఆయనదే.

ఇంటర్ బైపీసీ చదివి ఎంబీబీఎస్ సీటు రాని పిల్లలు ఇప్పుడు ఇమేజింగ్ టెక్నాలజీ, రేడియోథెరపీ టెక్నాలజీ కోర్సుల వైపు చూస్తున్నారు. తల్లిదండ్రులు ఓపీలో నన్ను అడిగేవి రెండు. ఒకటి, ఆడపిల్ల ఈ పనిలోకి వెళ్తే రేపు పిల్లలు పుడతారా అని. పైన చెప్పిన పరిమితులు పాటించే చోట ఆ భయం అక్కర్లేదు. గర్భం వచ్చిందని తెలియజేశాక బిడ్డకు తగిలేది 1 మిల్లీసీవర్టు మించకుండా పని మార్చాలని కూడా నిబంధన ఉంది. మేరీ దగ్గర నేర్చుకున్న 150 మందికి లేని రక్షణ మీ అమ్మాయికి ఉంది. దాన్ని అడిగి తీసుకోవడం నేర్పండి.

రెండోది, ఏ కాలేజీలో చేర్చాలని. భవనం చూసి చేర్చకండి. సొంత ఆసుపత్రి ఉందా, లేకపోతే ఏ ఆసుపత్రికి పంపుతారు, అక్కడ మిషను రోజూ నడుస్తుందా, విద్యార్థి పెద్దల పర్యవేక్షణలో స్వయంగా ఎక్స్‌రేలు తీస్తాడా లేక దూరం నుంచి చూసి వస్తాడా, మొదటి రోజే బ్యాడ్జి ఇస్తారా అని అడగండి. కోర్సుకు గుర్తింపు ఉందో లేదో కనుక్కోండి. ఈ వృత్తులన్నిటికీ ఒక జాతీయ కమిషన్ ఉండాలని 2021లో చట్టం వచ్చింది. సర్టిఫికెట్ ఉండి చెయ్యి తిరగని పిల్లవాడికి ఉద్యోగం దొరికినా, నష్టపోయేది బల్ల మీద పడుకున్న రోగి.

ఎక్స్‌రే గదికి వెళ్లేముందు

• నెల తప్పి ఉంటే, అనుమానం ఉన్నా సరే, లోపలికి వెళ్లకముందే చెప్పండి. సిగ్గుపడకండి.

• గొలుసు, తాయెత్తు, మెటల్ గుండీలు తీసేయండి. ఫిల్మ్ మీద వాటి నీడ పడితే మళ్లీ తీయాల్సి వస్తుంది.

• ఊపిరి ఆపమన్నప్పుడు ఆపండి, కదలకండి.

• పాత ఫిల్మ్‌లు పారేయకండి. కొత్తదాని పక్కన పెట్టి చూస్తేనే మచ్చ పాతదో కొత్తదో తెలుస్తుంది.

• తోడు వచ్చినవారు బయటే ఉండాలి. చంటిపిల్లను పట్టుకోవాల్సి వస్తే సీసం ఏప్రన్ అడిగి వేసుకోండి. గర్భిణులు పట్టుకోకూడదు.

• ఒక ఛాతీ ఎక్స్‌రేలో తగిలేది మిల్లీసీవర్టులో పదో వంతు లేదా అంతకంటే తక్కువ. నేల నుంచి, గాలి నుంచి, ఆకాశం నుంచి ప్రపంచంలో సగటు మనిషికి ఏటా సహజంగానే తగిలేది 2.4 మిల్లీసీవర్టులు. ఒక ఎక్స్‌రేకి భయపడి జబ్బు దాచుకోకండి.

• సీటీ స్కాన్‌లో మోతాదు ఎన్నో రెట్లు ఎక్కువ. అవసరమని డాక్టరు చెబితే తీయించుకోవాలి. తలనొప్పి వచ్చిన ప్రతిసారీ మీ అంతట మీరు వెళ్లి తీయించుకోకూడదు.

• అల్ట్రాసౌండ్, ఎంఆర్‌ఐలలో ఈ కిరణాలు ఉండవు.

– వ్యాసకర్త ప్రభుత్వ ఆసుపత్రి వైద్యుడు, ఎంబీబీఎస్, ఎండీ, శృంగవరపుకోట